డాబా మీద ఇంగ్లండు ఉప ఎన్నిక

పోయినసారి ఓటు ఎవరికి వేశారని నేను మిమ్మల్ని అడగను. అది మీ రహస్యం, మీ దగ్గరే ఉంచుకోండి. ఎందుకు వేశారో మాత్రం ఒక్క వాక్యంలో చెప్పగలరా? “మావాడు కాబట్టి” అంటే ఒప్పుకోను. “మా ఇంట్లో అందరూ వేశారు కాబట్టి” అంటే అసలే ఒప్పుకోను.

ఆ రోజుల్లో ఈ ఒక్క ప్రశ్నతో నేను అశోక్‌నగర్‌లో చాలామంది నోళ్ళు మూయించాను. ఆ రోజులంటే మరీ పాతకాలమేమీ కాదు. అరచేతిలో ఫోను, ఫోనులో ప్రపంచం అప్పటికే వచ్చేశాయి. రానిదల్లా నాకు ఉద్యోగమే. పొద్దున అశోక్‌నగర్‌లో గ్రూప్స్ కోచింగు, మధ్యాహ్నం లైబ్రరీలో కుర్చీ కోసం కుస్తీ, సాయంత్రం నారాయణగూడ ఫ్లైఓవర్ పక్కన చాయ్, రాత్రికి చిక్కడపల్లి గల్లీలో మా లేడీస్ హాస్టలు. దేవుడు లేడని నిరూపించడానికి నాకు అరగంట చాలు. (మా హాస్టల్లో వేడినీళ్ళు ఎందుకు రావో మాత్రం ఆ ఏడాదంతా ఆలోచించినా తేలలేదు.) అందరూ నన్ను ‘తర్కం’ అని పిలిచేవాళ్ళు. అది వెక్కిరింపని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది; అప్పట్లో బిరుదనుకుని మురిసిపోయాను.

నాతో కలిపి ఆరుగురు ఆడపిల్లలం ఒక తర్కసభ పెట్టుకున్నాం. సభ అంటే పెద్దగా ఊహించుకోకండి. ప్రతి ఆదివారం నారాయణగూడలో ఆ చాయ్ బండి దగ్గర ప్లాస్టిక్ కుర్చీల మీద కూర్చుని మూఢనమ్మకాలను చీల్చి చెండాడటమే దాని కార్యక్రమం. పైన ఫ్లైఓవర్, కింద బస్సులు, మధ్యలో మా హేతువాదం. ఎవరి వాదన వాళ్ళకే వినిపించేది కాదు కాబట్టి ఎవరూ ఓడిపోయేవాళ్ళు కాదు. చివరికి ఒకరోజు చాయ్ అన్నకే విసుగొచ్చింది. “అక్కా, ఒక్క చాయ్ మీద రెండు గంటలు కూసుంటే నా బేరమెట్ల నడుస్తది? దేవుడున్నడో లేడో రేపు తేలుద్దురు గానీ, ఇయ్యాల జర కుర్చీలు ఖాళీ చెయ్యుండ్రి” అన్నాడు. ఆ రేపు మళ్ళీ రాలేదు. మా సభకు చోటు లేకుండా పోయింది. చోటు లేని సభ ఎన్నాళ్ళు నిలుస్తుంది? అప్పటికే ఇద్దరు ఆదివారాలు సినిమాలకు వెళ్ళిపోతున్నారు. ఇంకో నెల ఇలాగే సాగితే నా ఉద్యమం నాతో మొదలై నాతోనే ముగిసేది.

సరిగ్గా అప్పుడే ఇంగ్లండులో ఎక్కడో పల్లెటూళ్ళ నియోజకవర్గంలో పార్లమెంటు సభ్యుడు రాజీనామా చేశాడు. ఉప ఎన్నిక వచ్చింది. కరెంట్ అఫైర్స్‌లో ఒక్క వాక్యం రాసుకుని పేజీ తిప్పేయాల్సిన వార్త అది. నేను తిప్పలేదు. ఫోనులో ఆ ఎన్నిక వీడియోలన్నీ చూశాను, రోజూ చూశాను, అన్నం తింటూ చూశాను. అబ్బ, ఎంత బాగుంది ఆ ఎన్నిక! మైకులు లేవు, ఊరేగింపులు లేవు, పూలదండల క్రేన్లు లేవు. అభ్యర్థి మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు వేసుకుని, ఛాతీ మీద పళ్ళెమంత రిబ్బన్ పువ్వు పెట్టుకుని, బురదలో నడిచి వెళ్ళి ఒక్కో ఇంటి తలుపు కొడతాడు. ఒక రైతు గొర్రెలను దొడ్లోకి తోలుతూనే అతనితో మాట్లాడతాడు. కులం అడగడు, నోటు అడగడు! “చూశారా, వివేకం అంటే ఇది!” అని మెస్సులో పళ్ళెం మీద చేత్తో కొట్టి మరీ చెప్పాను. “ఇంతకీ అక్కా, ఆ గొర్లకు ఓటుంటే ఎవరు గెలుస్తరు?” అని మూలనుంచి ఒక గొంతు వచ్చింది.

ఆ గొంతు పాలమూరుది. పాలమూరు అంటే నా రూమ్మేట్. వాళ్ళ అమ్మానాన్నలు మహబూబ్‌నగర్ జిల్లా నుంచి పట్నానికి వచ్చి కట్టుబడి పనులు చేసేవాళ్ళు. ఇది కానిస్టేబుల్ పరీక్ష కోసం తెల్లవారకముందే లేచి పరుగు ప్రాక్టీసుకు వెళ్ళేది, తడిసి వచ్చేది, తిని పడుకునేది. నేను ప్రపంచాన్ని మార్చే మాటలు చెబుతున్నప్పుడల్లా అది గుర్రు పెట్టేది. నిద్రపోని కొద్దిసేపట్లో ఇలాంటి ప్రశ్నలు వేసేది.

ఆ ఎన్నిక ఫలితం మాకు సరిగ్గా టిఫిన్ వేళకు వచ్చింది. హాస్టలంతా నా ఫోను చుట్టూ మూగింది. అభ్యర్థులందరినీ ఒకే వేదిక మీద వరసగా నిలబెట్టారు. రిటర్నింగ్ అధికారి మెడలో పెద్ద బిళ్ళల గొలుసు వేసుకుని ఒక్కొక్కరి ఓట్లు చదువుతున్నాడు. ఆ వరసలో, కాబోయే పార్లమెంటు సభ్యుడి భుజానికి భుజం ఆనించి, గడ్డి కోటు, చిరిగిన టోపీ వేసుకున్న ఒక దిష్టిబొమ్మ నిలబడి ఉంది. అందరూ ఘొల్లుమన్నారు. నేను చదివి ఉన్నాను కాబట్టి వివరించాను: ఆ దేశంలో ఇదొక ఆచారం, ఉప ఎన్నిక అంటే ఒక వేళాకోళపు అభ్యర్థి తప్పకుండా నిలబడతాడు, గంభీరమైనవాళ్ళ పక్కనే నిలబడి ఫలితం వింటాడు, ఎవరూ పొమ్మనరు. “ఎంత ఉదారమైన ప్రజాస్వామ్యం!” అన్నాను. ఇడ్లీలు వడ్డిస్తున్న ఓనర్ ఆంటీ చూపంతా మాత్రం రిటర్నింగ్ అధికారి గొలుసు మీదే ఉంది. “ఎంత తూకముంటదే అది?” అంది.

ఇప్పుడు డాబా సంగతి. మా భవనంలో కింద ఓనర్ ఆంటీ ఇల్లూ మెస్సూ, మొదటి అంతస్తు హాస్టలు, రెండో అంతస్తులో కుటుంబాలు, ఆపైన డాబా. ఆదివారాలు పొద్దుటి నుంచి పొద్దుగూకేదాకా డాబా యోగా మాస్టారిది. ప్రాణాయామానికి లంగాలు అడ్డమొస్తున్నాయని ఆయన అక్కడి తాళ్ళన్నీ కోయించి, తలుపుకు తాళం వేయించాడు. (అందుకని ఆదివారం ఉతికిన బట్టలన్నీ మా హాస్టలు వరండాలో వేలాడి బొట్లు కారుస్తూ ఉండేవి. తడి చున్నీలు ముఖానికి తగిలితే పక్కకు నెట్టి, మాట ఆపకుండా నడిచిపోయేదాన్ని. గొప్ప ఆలోచనల్లో ఉన్నవాళ్ళకు చున్నీలు కనిపించవు.) ఆ మాస్టారు ఉన్నట్టుండి కాచిగూడకు మారిపోయారు. ఆదివారం డాబా ఖాళీ! నేను తర్కసభ కోసం ఆంటీ దగ్గరికి పరుగెత్తేసరికి, రెండో అంతస్తు బ్యాంకు అంకుల్ అప్పటికే అక్కడ కూర్చుని ఉన్నారు. బ్యాంకులో రిటైరైన ఆయన భజన మండలి పెట్టారు. ఆయనకూ ఆదివారమే కావాలి, పొద్దంతా కావాలి, పైగా మైకుతో కావాలి.

“మీరిద్దరు నన్ను పరేషాన్ చెయ్యకుండ్రి. చాబీ ఒక్కటే ఉన్నది, ఒక్కరికే ఇస్త” అంది ఆంటీ.

నాకు మెరుపు మెరిసింది. “ఆంటీ, ఇది ఖాళీ అయిన సీటు. ఉప ఎన్నిక పెడదాం! ఇంగ్లండు పద్ధతిలో. ఈ ఇంట్లో పద్దెనిమిదేళ్ళు దాటిన ప్రతి ఒక్కరికీ ఓటు. మైకు లేదు, పంపకాలు లేవు, తలుపు తట్టి అడగడమే. మీరే రిటర్నింగ్ అధికారి.”

“గొలుసు నేనేసుకోవాలెనా?”

“తప్పకుండా.”

“అయితే పెడదాం” అంది. అంకుల్ కూడా ఒప్పుకున్నారు. “పెట్టు బిడ్డా. నేను బ్యాంకు యూనియన్‌ల ఎన్ని ఎలక్షన్లు చూసిన” అని మీసం దువ్వారు. డిపాజిట్‌గా ప్రతి అభ్యర్థీ ఆదివారం మెస్సులో తన వంతు కోడికూర పణం పెట్టాలని తీర్మానించాం. (అంకుల్ శాకాహారి కాబట్టి ఆయన తరఫున పెరుగువడ.) డిపాజిట్ పోతే అది గెలిచినవాళ్ళది. ఇంగ్లండులో ఇరవయ్యో వంతు ఓట్లొస్తే చాలు, డిపాజిట్ దక్కుతుంది; మన దేశంలో ఆరో వంతు రావాలి. ఈ ఒక్క విషయంలో మన చట్టమే పాటించాలని పట్టుబట్టింది నేనే. అంకుల్ పెరుగువడ పోగొట్టుకుంటుంటే చూడాలని నా కోరిక.

ప్రచారం మొదలైన మొదటి సాయంత్రమే నా పార్టీ చీలిపోయింది. చీలింది శనగల మీద. తర్కసభలో నా కుడిభుజం ‘శుద్ధం’. సిద్ధాంతం స్వచ్ఛంగా ఉండాలంటూ ఉంటుందని ఆ పేరు. మేమిద్దరం రిబ్బన్ పువ్వులు పెట్టుకుని మర్యాదపూర్వకంగా ప్రత్యర్థి తలుపు కూడా తట్టాం. అంకుల్ నవ్వుతూ పూజగదిలోంచి గిన్నె తెచ్చి, “ఎలక్షన్ ఎలక్షనే, గుడాలు గుడాలే. తిను బిడ్డా” అని ఉడికిన శనగలు చేతిలో పోశారు. నేను తిన్నాను. ఆకలేసింది, తిన్నాను. మెట్లు దిగుతుంటే శుద్ధం నిప్పులు చెరిగింది.

“దేవుని ముంగట పెట్టిన శనగలు నువ్వెట్ల తింటవే?”

“శనగల్ల ప్రోటీనుంటది గానీ దేవుడుంటడా? లేడని రుజువు చెయ్యడానికే తిన్న.”

“గుప్పెడు తిన్నవ్. రుజువుకు ఒక్క గింజ చాలదా?”

అక్కడి నుంచి వాదన హేతువాదికీ నాస్తికురాలికీ తేడా దగ్గరకు వెళ్ళింది, అక్కడి నుంచి రాజీకీ ద్రోహానికీ తేడా దగ్గరకు వెళ్ళింది, మెస్సు మూసేవరకూ సాగింది. మర్నాడు శుద్ధం నల్ల రిబ్బన్ పువ్వుతో విడిగా నామినేషన్ వేసింది. సభలోని మిగతా నలుగురూ చెరి ఇద్దరుగా విడిపోయారు. నేను ఏమాత్రం చలించలేదు. ఆలోచించే పార్టీలే చీలతాయి, ఆలోచించనివాళ్ళకు చీలడానికి ఏముంటుంది అని మెస్సులో అరగంట ఉపన్యసించాను.

ఇక ఇంగ్లండు ఆచారం పూర్తి కావాలంటే ఒకటే లోటు: దిష్టిబొమ్మ. వేళాకోళపు అభ్యర్థి లేకపోతే అది ఉప ఎన్నిక ఎలా అవుతుంది? నేనే వెళ్ళి పాలమూరును నిద్రలేపాను.

“నిలబడితే నాకేమొస్తదక్కా?”

“ప్రజాస్వామ్యానికి సేవ చేసినట్టు.”

“నాకు మాట్లాడుడు రాదు.”

“అందుకే నిన్ను అడుగుతున్న. నువ్వు మాట్లాడొద్దు, నవ్వియ్యి చాలు. ఏదో ఒక పిచ్చి హామీ ఇయ్యి.”

అది కాసేపు తల గోక్కుంది. “అయితే ఆదివారం డాబా మీద తాళ్ళు కడతనంట” అంది. నేను పొట్ట పట్టుకుని నవ్వాను. ఎంత బాగా అందుకుంది ఆచారాన్ని! ఒక పక్క భక్తి, ఒక పక్క వివేకం తలపడుతుంటే మధ్యలో బట్టల తాడు! రిబ్బన్ పువ్వుకు బదులు బట్టల క్లిప్పులు గుత్తిగా కట్టి దాని ఛాతీకి తగిలించింది కూడా నేనే. కోడికూర పణం పెట్టడానికి అది వెనకాడితే ధైర్యం చెప్పింది కూడా నేనే.

ఆ వారమంతా నా కాళ్ళు నేలమీద లేవు. జూలై ముసురు వదలకుండా కురుస్తోంది. రబ్బరు బూట్లు దొరక్క కోఠీ నుంచి ప్లాస్టిక్ చెప్పులు తెచ్చుకుని టపటపలాడిస్తూ ఒక్కో తలుపూ కొట్టాను. స్వేచ్ఛగా ఆలోచించే హక్కు గురించి చెప్పాను. రెండో అంతస్తు ముసలమ్మ మొత్తం విని, “మంచిగ చెప్పినవ్ బిడ్డా. నీకే ఏస్త. అది సరే గానీ, ఈ దుప్పటి నాలుగొద్దులాయె, వాసనొస్తున్నది సూడు” అని దుప్పటి నా ముక్కు దగ్గర పెట్టింది. నేను దుప్పటి పక్కకు జరిపి ఒక ఓటు ఖాయం అని లెక్కేసుకున్నాను. ప్రతి గడపలోనూ “నీకే” అన్నారు. (అంకుల్‌కూ అదే చెప్పారట, శుద్ధానికీ అదే చెప్పారట. మనవాళ్ళ మర్యాద గురించి నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.) పాలమూరు మాత్రం ఎవరి తలుపూ కొట్టలేదు. క్లిప్పుల గుత్తితోనే పరుగుకు వెళ్ళి, క్లిప్పుల గుత్తితోనే పడుకునేది. దాన్ని చూసి అందరూ నవ్వుతుంటే, పాపం ఆచారం బాగా రక్తి కట్టిందని సంతోషించాను.

పోలింగు ఆదివారం పొద్దున, డాబా మీదే. నీళ్ళ ట్యాంకు వెనక ఓటు వేసే చోటు, అప్పడాల డబ్బా బ్యాలెట్ పెట్టె. ఆంటీ పట్టుచీర కట్టి, కాసులపేరు వేసుకుని కుర్చీలో కూర్చుంది. ఆశ్చర్యం చూడండి, వారం నుంచి మొహం చూపని ఎండ ఆ పొద్దున ఫెళ్ళున కాసింది! ప్రకృతి కూడా హేతువాదం వైపే ఉందన్నాను. (హేతువాది అనకూడని మాట. శుద్ధం వెంటనే అందుకుని నోట్ చేసుకుంది.) ఎంత వరసనుకున్నారు! మెట్ల మీది నుంచి రెండో అంతస్తు దాకా జనం. అందరి చేతుల్లోనూ బకెట్లు. తడి బట్టల బకెట్లు, కొందరికి రెండేసి. నా గుండె పొంగిపోయింది. “చూడు శుద్ధం, ఎంత చైతన్యమో! ఉతుకుతున్న బట్టలు కూడా వదలకుండా ఓటుకు పరుగెత్తుకొచ్చారు!” అన్నాను. శుద్ధం ఆ బకెట్ల వైపు చూసింది, నా వైపు చూసింది, మొట్టమొదటిసారి నాతో వాదించలేదు.

లెక్కింపు అక్కడే జరిగింది. ఇంగ్లండులోలాగా మా నలుగురినీ ట్యాంకు గోడకు వరసగా నిలబెట్టారు. ఆంటీ గొంతు సవరించుకుంది. “నేను, ఈ ఇంటి ఓనరమ్మను, ఎలక్షన్ ఆఫీసర్‌ను, చెప్పేదేందంటే... బ్యాంకు అంకుల్, పద్నాలుగు.” అంకుల్ ముఖం వాడింది. ఆయన తలతిప్పి భార్య వైపు చూశారు; ఆవిడ బకెట్ పట్టుకుని ఆకాశం వైపు చూస్తోంది. “శుద్ధం, నాలుగు.” నేను లోపల్లోపల నవ్వుకున్నాను. “తర్కం...” నేను రిబ్బన్ పువ్వు సర్దుకున్నాను. “తర్కం, అయిదు.”

అయిదు! అందులో ఒకటి నాదే. ఇంకా తేరుకోకముందే వినిపించింది: “పాలమూరు, ఇరవై ఆరు! గెలిచినట్టు ప్రకటిస్తున్న!” డాబా దద్దరిల్లింది. దుప్పటి ముసలమ్మ అందరికంటే ముందు ఈలవేసింది. (వేయడం వచ్చని ఆ రోజే తెలిసింది.) మొత్తం నలభై తొమ్మిది ఓట్లలో ఆరో వంతంటే కనీసం తొమ్మిది రావాలి. నేనూ శుద్ధమూ చీలకుండా ఉంటే సరిగ్గా తొమ్మిది వచ్చేవి. గెలిచేవాళ్ళం కాదు గానీ కోడికూర మిగిలేది. శనగలు తిని కోడిని పోగొట్టుకున్నాను.

ఆచారం ప్రకారం గెలిచిన అభ్యర్థి ప్రసంగించాలి. పాలమూరును ముందుకు తోశారు. అది క్లిప్పుల గుత్తి విప్పి చేతిలో పట్టుకుంది. “అందరికి థ్యాంక్స్. జల్దీ ఆరేసుకోండ్రి, మబ్బొస్తున్నది” అంది. అంతే ప్రసంగం. పావుగంటలో తాళ్ళు కట్టేశారు. చీరలు, ట్రాక్ ప్యాంట్లు, దుప్పట్లు, పిల్లల యూనిఫారాలు డాబా అంతా రెపరెపలాడాయి. చూస్తూ నిలబడ్డాను. అప్పుడు గుర్తొచ్చింది, నా ఫోనులోని ఆ ఇంగ్లండు రైతు గొర్రెలు తోలుతూ ఏం మాట్లాడాడో. వాళ్ళ ఊరికి బస్సు ఎందుకు ఆపేశారని అడిగాడు. అదే వీడియో పదిసార్లు చూశాను. బూట్లు చూశాను, పువ్వు చూశాను, మర్యాద చూశాను, ఆ బస్సు మాత్రం నాకు వినిపించలేదు.

చాబీ తీసుకున్న పాలమూరు దాన్ని మెట్ల దగ్గర మేకుకు తగిలించింది, ఎవరైనా తీసుకునేలా. “అంకుల్, మీరు పొద్దున ఆరింటికి పాడుకోండ్రి, మైకు వద్దు. తర్కమక్కా, బట్టలు తీసినంక అయిదింటికి మీరు కొట్లాడుకోండ్రి” అని తీర్పు చెప్పింది. “మరి నువ్వేం చేస్తవే?” అన్నాను. “నేను పండుకుంట.” ఆ సాయంత్రం తర్కసభ మొదటిసారి డాబా మీద జరిగింది. ఇంకా ఆరని రెండు దుప్పట్ల మధ్య కూర్చుని, శుద్ధమూ నేనూ ఒకే ప్లేటులోంచి పాలమూరు గెలుచుకున్న కోడికూర తిన్నాం. అదే పెట్టింది. పద్నాలుగు ఓట్లతో డిపాజిట్ దక్కించుకున్న అంకుల్ తన పెరుగువడ తానే తిన్నారట.

పాలమూరు ఇప్పుడు ఖాకీ బట్టల్లో ఉంది. ఏ ఊళ్ళో అని చెబితే ఒప్పుకోదు. నేను వ్యాసాలు రాస్తున్నాను, ఇప్పటికీ నిప్పులు చెరుగుతూనే ఉన్నాను. దేవుడి విషయంలో నా అభిప్రాయం ఒక్క శనగగింజంత కూడా మారలేదు. కాకపోతే ఒక పేరా బాగా వేడెక్కి, నాకే ముద్దొచ్చినప్పుడు, ముక్కు దగ్గర నాలుగు రోజుల దుప్పటి వాసన తగులుతుంది. ఆ టపటపల చెప్పుల పిల్ల గుర్తొస్తుంది, వరసలో బకెట్లు చూసి పొంగిపోయిన పిల్ల. దాన్ని చూస్తే నవ్వొస్తుంది, కొంచెం ముద్దుగా కూడా ఉంటుంది. వివేకంతో ఓటెయ్యండని ఆ పిల్ల ఇంటింటికీ తిరిగి చెప్పింది. వాళ్ళు అచ్చంగా అదే చేశారు. నేను ఓటు ఎందుకు వేశారని అడిగితే ఆ రోజు దుప్పటి ముసలమ్మ ఒక్క వాక్యంలో చెప్పింది: “బట్టలు ఆరాలె గద బిడ్డా.”

ఇంతకంటే చక్కటి జవాబు నాకు ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. మీరు చెప్పండి. వచ్చే ఎన్నికకు ముందే మీ వాక్యం వెతికిపెట్టుకోండి. రేపు ఎవరో రిబ్బన్ పువ్వు పెట్టుకుని మీ తలుపు కొడతారు, నాలాగే గుక్క తిప్పుకోకుండా మాట్లాడతారు. మర్యాదకు “మీకే వేస్తాం” అనకండి. దుప్పటి తెచ్చి ముక్కు దగ్గర పెట్టండి. పక్కకు జరిపితే, మళ్ళీ పెట్టండి.